పొటాషియం దయవల్ల నాకు దక్కిన మంట

ఎసిడిటీని మించిన వరం మనిషికి లేదు. నవ్వకండి! భిలాయిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి బతుకుతున్నవాణ్ణి, ఊరికే అంటానా?

ముందు పాఠం వినండి. కడుపు గోడల్లోని కొన్ని కణాలకు పంపులుంటాయి. పంపు ఒక పొటాషియంను లోపలికి లాక్కుంటేనే ఒక హైడ్రోజన్‌ను బయటికి తోస్తుంది. ఆమ్లమయ్యేది ఆ హైడ్రోజనే. మరి బయట పొటాషియం ఎక్కడిది? ఆ కణంలోదే! పొటాషియం చానళ్లనే సన్నని దారుల్లోంచి బయటికి జారుకుంటుంది. పంపు పట్టుకుని లోపలేస్తుంది. మళ్లీ జారుకుంటుంది. రోజంతా ఒక గేటులోంచి బయటికి, ఇంకో గేటులోంచి లోపలికి! ఆ చానళ్లు మూసేస్తే ఉత్పత్తి మొత్తం బంద్. ఇంతటి శ్రమజీవిని నేను ఏ స్టాఫ్‌రూములోనూ చూడలేదు. అద్దంలో అసలే చూడలేదు.

ఈ వేసవిలో మా ఆవిడ కృష్ణప్రియ పోయింది. ఈ వరం ఆ తర్వాత వచ్చిందే. నాకు వంట రాదు, టీ పెట్టడం వచ్చు. అందుకని మూడు పూటలా టీయే భోజనం. ఛాతీలో మంట, కళ్లలో నీళ్లు. స్టాఫ్‌రూములో "ఏమైంది సర్‌జీ?" అంటే "ఎసిడిటీ" అన్నాను.

ఆ ఒక్క మాటకు ఎంత ఆదరణ! హిందీ టీచరమ్మ వాము వేయించి తెచ్చింది. లెక్కల తిరుమలరావు సుపేలా బజారంతా గాలించి ఏదో పొడి తెచ్చాడు. అది మలబద్ధకానికని వాడాకే తెలిసింది. ప్రిన్సిపాల్ గారైతే ఎడమ వైపు తిరిగి ఎలా పడుకోవాలో బల్ల మీద వాలి మరీ చూపించారు!

అంతకుముందు ఒకసారి ఇదే గదిలో ప్రియ పేరెత్తాను. తిరుమలరావు ఫోను తీశాడు. ప్రిన్సిపాల్‌కు టైమ్‌టేబుల్ గుర్తొచ్చింది. దుఃఖానికి ఎవరి దగ్గరా చిట్కా లేదు, గ్యాస్‌కు అందరి దగ్గరా ఉంది. బుద్ధున్నవాడు ఏ జబ్బు ఎంచుకోవాలి, మీరే చెప్పండి!

అన్నిటికన్నా పెద్ద లాభం మజ్జిగ. పక్కింటి చిన్నమ్మలు వదిన, ఉక్కు ప్లాంటులో పనిచేసి చనిపోయిన రాజాబాబు గారి భార్య, నా మంట సంగతి విన్న దగ్గర్నుంచి రోజూ ఒక గ్లాసు తెచ్చి ఇచ్చేది.

నా పాత విద్యార్థి డాక్టర్ నరేంద్ర అంతా చెడగొట్టాడు. "సర్‌జీ, టెన్షన్ మత్ లీజియే, కంగారేం వద్దు! ఈ కొత్త గోలీ పంపులో పొటాషియం సీటు తనే కబ్జా చేస్తుంది. పంపు బంద్!" నా పాఠం నాకే చెప్పి పంపించాడు. ఆ మాత్ర వేసుకున్నాను. మంట పోయింది! కళ్లలో నీళ్లు మాత్రం పోలేదు. మందు కంపెనీవాళ్లు ఆ సంగతి అట్ట మీద వేయొద్దూ?

మర్నాడు వదిన గ్లాసుతో గేటు దగ్గరికి వచ్చింది.

"ఏటి మాస్టారూ, మంట తగ్గిందేటి?"

"తగ్గింది వదినా."

"మరి ఆ కళ్లేటి?"

జవాబు కోసం సిలబస్ అంతా వెతికాను. మంట మళ్లీ మొదలైందంటే మజ్జిగ ఆగదు. నిజం చెబితే ఈవిడకూ ఏదో పని గుర్తొస్తుంది, ఈ ఒక్క గ్లాసూ పోతుంది.

"ప్రియ గుర్తొస్తోంది" అన్నాను.

వదినకు ఏ పనీ గుర్తు రాలేదు. మెట్టు మీద దుమ్ము కొంగుతో దులిపి కూర్చుంది.

"ఇన్నాళ్లకి సెప్పేరు! రోజూ పెరుగు తోడెట్టలేక సస్తన్నాను" అని గ్లాసు నా చేతిలో పెట్టింది. "మీ అన్నయ్య పోయినప్పుడు నాకూ సానా కాలం గేసే, బాబూ. డాక్టర్లందరికీ అదే సెప్పేను. ఈ వీధిలో గేసు లేని కొంపేదీ?"