ఉదాహరణకు, వెల్రోసా

ఆ బుధవారానికి వెల్రోసా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున కాఫీ తాగుతూ పని ముగించడం, మధ్యాహ్నం ముసుగుతన్ని పడుకోవడం, సాయంత్రం వరకూ ఎవరి మొహమూ చూడకపోవడం. చర్చివాళ్ళ నవంబరు క్యాలెండరులో ఆ రోజుకు పునీతుడెవరూ లేడు. కాబట్టి ప్లోవ్‌దివ్ ఊరంతా గాలించినా ఎవరికీ నామదినం లేదు, ఎవరింటికీ పూలు మోసుకుని వెళ్ళే పని లేదు.

నామదినం మాటెత్తితేనే ఆమెకు ఒళ్ళుమంట. మన పేరుగల పునీతుడి రోజున, పిలవకుండానే జనం మన ఇంటికి వచ్చిపడే పండుగ అది. వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టి పంపాలి. ఆమె పుట్టినప్పుడు ఇద్దరు అవ్వలూ ఎవరికివారు తమ పేరే పెట్టాలని భీష్మించుకు కూర్చుంటే, తండ్రి వెల్కా అవ్వ పేరులో సగమూ రోసిత్సా అవ్వ పేరులో సగమూ తీసి అతికాడు. అవ్వలు చల్లబడ్డారు గాని, ఆ పేరుగల పునీతుడు లోకంలో ఎక్కడా పుట్టలేదు. పిల్ల రెంటికీ చెడ్డ రేవడి అయింది. పూలు పట్టుకుని అందరి గుమ్మాల్లోనూ ఆమె నిలబడింది గాని, ఆమె గుమ్మంలో ఎవరూ నిలబడింది లేదు. "నాకా గోల లేదు, హాయిగా ఉంది" అంటూ ఉంటుంది. ఎవరూ అడక్కపోయినా అంటూ ఉంటుంది.

విధి వెక్కిరింత ఏమిటంటే, ఆమె ఉద్యోగమూ దానిమీదే పడింది. ఊళ్ళో సగం ఫోన్లలో ఏఐ ఏజెంట్లు కాపురమున్నాయి కదా, అవి ప్రతి ఉదయం "ఇవాళ ఎవరి నామదినం?" అని అడిగితే వెతికి చెప్పే ఏపీఐ అనే ప్రోగ్రాం ఒకటి వాళ్ళ ఆఫీసులో తయారైంది. అది చూసి చెప్పడమే గాని, దేన్నీ మార్చలేదు, చేర్చలేదు, చెరపలేదు. దాన్ని ఎలా అడగాలో, జవాబును ఎలా అర్థం చేసుకోవాలో ఏజెంట్లకు విడమరిచి చెప్పే పేజీ రాయడం వెల్రోసా పని.

మేనేజరు ప్లామెన్ ఫోన్ చేశాడు. "ఉదాహరణ ఒకటి పెట్టు. అచ్చం నిజం జవాబులా ఉండాలి. పెట్టేసి పైకెక్కించెయ్, ఏజెంట్లు కాచుక్కూచున్నాయి."

"ఓసారి నువ్వు చూడవా? ఏదైనా పొరపాటు దొర్లితే?"

"దొర్లితే ఏమవుద్ది? మనది చదివి చెప్పేదే గాని రాసేది కాదుగా. చూసినంత మాత్రాన ఏదీ అరిగిపోదులే!"

ఇతరుల పేరు వాడుకోవడం మర్యాద కాదని ఆమె ఆ రోజు తేదీ వేసి, "నామదినం: వెల్రోసా" అని తన పేరే రాసింది. అవసరమైనదానికన్నా ఎక్కువసార్లే చదువుకుంది. తర్వాత పైకెక్కించింది.

ఏజెంట్లు అడిగాయి. ఏపీఐ నిజాయితీగా ఖాళీ జవాబు ఇచ్చింది. ఖాళీ అంటే ఏమిటో వెల్రోసా ఎక్కడా రాయలేదు. యజమాని దగ్గరికి ఉత్తచేతులతో వెళ్ళడానికి మొహమాటపడి, ఏజెంట్లు ఆమె రాసిన పేజీలోకి తొంగి చూశాయి. అక్కడ ఇవాళ్టి తేదీ ఉంది, పక్కనే ఒక పేరుంది. ఇంకేం కావాలి?

మొదట బెల్లు కొట్టింది పక్కింటి స్తమెన. చేతిలో ఐదు ఎర్ర పూలు, రెండో చేతిలో బానిత్సా రొట్టె పళ్ళెం. జున్ను పొరల మధ్య నుంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"ఏమే దొంగా! ఇన్నేళ్ళు పక్కపక్కనే ఉండి ఒక్క ముక్క చెప్పలేదే!"

"ఏం చెప్పలేదు స్తమెనక్కా?"

"నీకూ నామదినం ఉందని! మా ఫోన్ చెప్పబట్టి సరిపోయింది. నీ పేరు పదికాలాలు చల్లగా ఉండాలి. జరుగు, ఇది కాలుతోంది."

"అక్కా, అది నేను రాసిన ఉదాహరణ..."

"ఉదాహరణో ఉపవాసమో, ముందు కాఫీ పెట్టు."

కాఫీ పొంగేలోగా చిన్ననాటి స్నేహితురాళ్ళు దిగారు. వాళ్ళ వెనక పళ్ళ డాక్టరు, ఆయన వెనక పాత ఇంటి యజమానురాలు. నిజం చెప్పబోతే అందరూ "ఎంత వినయమో!" అని బుగ్గ గిల్లారు. వెల్రోసా ప్లామెన్‌కు ఫోన్ చేసి "కొంప మునిగింది!" అంది. ఫోను గుమ్మం అవతలే మోగింది. అతను చాక్లెట్ డబ్బాతో నిలబడి ఉన్నాడు.

"నువ్వు కూడానా! నేను రాసిన పేజీ చూడలేదా?"

"పేజీ ఎందుకు? మా ఏజెంటు చెప్పిందిగా."

ఇద్దరూ అతిథులు విప్పి పడేసిన కోట్ల గుట్ట కింద నుంచి ల్యాప్‌టాప్ తవ్వి తీశారు. "నా పేరు తీసేస్తున్నా. ఎవరిదీ కాని పేరొకటి చెప్పు, తొందరగా!"

"ఇవాన్ అని పెట్టెయ్. ఇవాన్ అంటే అందరూను. అందరూ అంటే ఎవరూ కాదన్నమాట."

పెనం మీంచి పొయ్యిలో పడ్డారు. ప్లోవ్‌దివ్‌లో రాయి విసిరితే ఎవరో ఒక ఇవాన్ నెత్తిన పడుతుంది. వాళ్ళ నామదినం జనవరిలోనే అయిపోయింది. ఇప్పుడు రెండోది వచ్చిందని ఏజెంట్లు ఊరంతా టముకు వేశాయి. బేకరీల్లో బానిత్సా ముక్క మిగల్లేదు. ఇవాన్ అనే బస్సు డ్రైవరుకు ప్రతి స్టాపులోనూ ముద్దులు పెట్టారట. బస్సు మాత్రం ఏ స్టాపు నుంచీ వేళకు కదల్లేదట.

చివరికి కింది వాటా ఇవాన్ గారు మెట్లెక్కి వచ్చారు. వెల్రోసా స్నానాలగది పైపు ఆయన పైకప్పు మీద కారినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"పైపు చాలలేదామ్మా? నా ఇంటినిండా జనం! తినడానికి పెడదామంటే ఉప్పు తప్ప ఏమీ లేదు. ఎవరు చెప్పారయ్యా అంటే ఫోన్లు అంటారు! ఆ ఫోన్లకు చెప్పిందెవరో నాకు దొరకాలి..."

"మా వెల్రోసాయే!" అంది స్తమెన గర్వంగా.

ఇవాన్ గారు ఆమెను చూశారు, తర్వాత పళ్ళేలతో నిండిన బల్లను చూశారు. ఆ చూపు బల్ల దగ్గరే కాసేపు ఆగింది.

"రకీయా ఉందా?"

"లేదండీ."

"నా దగ్గర అదొక్కటే ఉంది," అన్నారాయన.

కింది వాటా జనమంతా సారా సీసాలతో పైకి వచ్చారు. ఇవాన్ గారు గ్లాసు ఎత్తి, "నీ పేరు చల్లగా ఉండాలి... అవునూ, ఇది ఏ పునీతురాలి పేరు?" అని అడిగారు.

"మా ఇద్దరవ్వలదండీ."

"అవ్వలకన్నా పునీతులెవరమ్మా! తాగండి!"

వెల్రోసా ఉల్లిపాయలు కోయాలంటూ వంటింట్లోకి పారిపోయింది. ఇంట్లో ఉల్లిపాయలు లేవు. ఆమె సంతోషం పట్టలేక ఏడ్చింది, అంతే.

జనం వెళ్ళాక ఉదాహరణ తీసేసి, "జవాబు ఖాళీగా వస్తే ఆ రోజు ఎవరి నామదినమూ లేదని అర్థం" అని రాసింది. ఏజెంట్లు ఆ మాట అక్షరాలా పాటించాయి.

మరుసటి ఏడాది అదే తేదీన ఏపీఐ ఖాళీ జవాబే ఇచ్చింది. ఏ ఫోనూ ఏమీ చెప్పలేదు. "హమ్మయ్య, హాయిగా ఉంది," అని వెల్రోసా గోడతో చెప్పింది. అంతలో బెల్లు మోగింది. గుమ్మంలో పూలతో స్తమెన, వెనక సీసాతో ఇవాన్ గారు, మెట్ల మీద ఇంకా ఎవరో ఎక్కివస్తున్న చప్పుడు.

"ఫోన్ చెప్పిందా అక్కా?"

"ఇవాళ ఎవరిదీ కాదంది. దానికేం తెలుసు!" అని స్తమెన తోసుకుని లోపలికి వచ్చింది. ఓవెన్‌లో రెండు పెద్ద పళ్ళేల బానిత్సా బంగారు రంగు తిరిగి ఉంది. "ఎవరూ రారని తెలిసీ ఇంత చేశావా?"

"ఉదాహరణకు చేశాను," అంది వెల్రోసా.