బాలింత గదిలో పదహారు డిగ్రీలు

ఉమ్మడి కర్నూలు జిల్లాలో నడి ఎండాకాలం మంచు పడిన ఊరు ఒకే ఒక్కటి ఉంది. అది మాదే. కోయిలకుంట్ల దాటి, శనగ చేల మధ్య తారు రోడ్డు ఎక్కడ పూర్తిగా మాయమవుతుందో సరిగ్గా అక్కడ మొదలవుతుంది. మేకపిల్లలు నీడ కోసం ఒకదాని కింద ఒకటి దూరే మే నెలలో ఆ మంచును నేను కళ్లారా చూశాను. చేత్తో పట్టుకున్నాను కూడా. దుడ్డు తగలేసుకొని హిమాలయాలకు పోయివచ్చినవాళ్లు కుళ్లుకుంటారని తెలిసే ఈ సంగతి ముందుగా ప్రకటిస్తున్నాను.

ఈ ఘనత శ్రీ భూపేష్ గారిది. మాజీ సర్పంచు ఓబులేసు గారి ఏకైక కుమారుడు, నాకు వరసకు అల్లుడు. ఆయన చేయని వ్యాపారం లేదు. ఈము పక్షులను పెంచాడు. అవి కంచె దూకి వెళ్లిపోయాయి. నీళ్ల ప్లాంటు పెట్టాడు. మర్నాటికి బోరు ఎండింది. ఇళ్ల ప్లాట్లు వేశాడు. రాళ్లు పాతినచోటే ఉన్నాయి, కొనేవాళ్లు మాత్రం ఇంకా బయలుదేరలేదు. ఇంతటి అనుభవం గడించిన కొడుకుతో ఓబులేసు గారు మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఏమైనా చెప్పాలంటే కొట్టంలో బర్రెకు చెప్పేవాడు, పక్కనుంచి కొడుకు వినేవాడు.

అటువంటి సమయంలో భూపేష్ ఫోన్లోకి ఒక తెల్లదొర వచ్చాడు. గడ్డం, ఉన్ని టోపీ. గది లోపల గంజాయి పెంచే విద్యను నవ్వుతూ బోధిస్తున్నాడు. వాళ్ల దేశంలో దానికి అనుమతి ఉందట. మన దేశంలో లేదన్న సంగతి దొర చెప్పలేదు, భూపేష్ అడగలేదు. గురుశిష్యుల మధ్య అనవసర ప్రసంగాలు ఉండకూడదు కదా.

శనగలు నిలవచేసే నాపరాళ్ల గోడౌను ఖాళీ అయింది. కిటికీలు ఇటుకలతో మూసుకున్నాయి. బయట 'విత్తన పరిశోధన కేంద్రం, అన్యులకు ప్రవేశం లేదు' అని బోర్డు వెలిసింది. మొక్కలకు గది చల్లగా ఉండాలని దొర మాటల వరసలో అన్నాడని రెండు ఏసీలు బిగించారు. ఎంత చల్లగా అన్న ప్రశ్న పుట్టలేదు. ఓబులేసు గారింట్లో ఏసీ వేస్తే పదహారు మీదే ఉండాలి. ఇరవై నాలుగు మీద పెట్టుకోవడం గుమాస్తాల పని. ఆ ఇంటికి పోయిన చుట్టాలు దుప్పట్లు కప్పుకొని పళ్లు టకటకలాడిస్తుంటే, ఆ చప్పుడును బట్టి మర్యాద ఎంత బాగా జరిగిందో లెక్క కడతారు. మొక్కలకూ అదే మర్యాద జరిగింది.

మర్యాద ఎక్కువై మొక్కలు ముడుచుకున్నాయి. ఆకులు ఊదారంగుకు తిరిగి, కొనలు కిందికి వాలి, మాఘమాసంలో నేను కూర్చున్నట్టు కూర్చున్నాయి. భూపేష్ పరుగున పోయి దొరను ఆశ్రయించాడు. దొర కిటికీ బయట మంచు కురుస్తోంది. చలి నుంచి మొక్కలను కాచుకోవాలంటే హీటరు పెట్టండి, కుండీలను నేలమీద నుంచి ఎత్తండి, చలిగాలి తగలకుండా కప్పండి అన్నాడు దొర. భూపేష్ అక్షరం పొల్లు పోకుండా పాటించాడు.

నడి ఎండలో ట్రాలీ ఆటో నుంచి హీటర్లు దింపుతుంటే మా అరుగు మీద నుంచి చూసి నేనే అడిగాను.

"ఏమప్పా భూపేషా, మే నెలలో హీటర్లేందప్పా?"

"లోపల చలి శానా ఉండాది మామా."

"ఏసీ ఆపితే పోదా?"

"విత్తనాలకు ఏసీ ఉండాల మామా."

"పోనీ నంబరన్నా మార్చు. పదహారెందుకు, ఇరవై ఐదు పెట్టుకో."

భూపేష్ నన్ను జాలిగా చూశాడు. "ఊర్లో తెలిస్తే ఏమనుకుంటారు మామా? ఓబులేసప్ప కొడుకు దిగజారినాడనరా?"

నంబరు పైకి పోతుంటే మనిషి కిందికి ఎట్లా దిగజారుతాడో నాకు అర్థం కాలేదు. పల్లె బడి చదువు నాది.

హీటర్లు చాలలేదు. చివరికి భూపేష్ తన తల్లి వెంకటలక్ష్మమ్మను లోపలికి పిలిచి, ఇవి విదేశీ మందుమొక్కలని చెప్పి, మూడోకంటికి తెలిస్తే తన మీద ఒట్టని ప్రమాణం చేయించుకున్నాడు. ఆ తల్లి మొక్కలను చూసి, "అయ్యో, ఎట్ల వణుకుతాండాయో నా తల్లులు!" అనింది. చలి పట్టినవారికి ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే, బాలింతకు చేసేది. కుంపటి పెట్టింది. సాంబ్రాణి వేసింది. వాము పొగ పట్టింది. చెవుల్లోకి గాలి పోకూడదు కాబట్టి ఒక్కొక్క మొక్కకు గుడ్డ కట్టింది. మొక్కకు చెవులెక్కడుంటాయని ఎవరినీ అడగలేదు, అంచనాగా కట్టింది. ఎవరి కళ్లూ పడకుండా ప్రతి కుండీకీ ఒక దిష్టిచుక్క పెట్టింది.

ఆ విధంగా పైనుంచి ఏసీ, పక్కనుంచి హీటరు, కిందనుంచి కుంపటి రేయింబవళ్లు పనిచేశాయి. ప్రభుత్వ శాఖల మాదిరిగా మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మూడూ చిత్తశుద్ధితో పనిచేశాయి. మొక్కలు ప్రజల మాదిరిగా మధ్యన ఉన్నాయి.

ఇక ఊరివైపు నుంచి చూడండి. మూసిన గది. అన్యులకు ప్రవేశం లేదు. లోపలికి బొగ్గులు, సాంబ్రాణి, వాము, పాత చీర గుడ్డలు, దుప్పట్లు పోతున్నాయి. పొద్దున సాయంత్రం వెంకటలక్ష్మమ్మ కొంగు చాటున ఏదో పట్టుకొని పోయి వస్తోంది. పైగా గాలి కోసం బిగించిన పాత ఫ్యాను అరిగిపోయి, తిరిగినప్పుడల్లా "క్యార్ర్, క్యార్ర్" మంటోంది. దీన్ని బట్టి లోపల ఏముందో కనుక్కోవడానికి మా ఊరికి పోలీసు కుక్క అక్కరలేదు. ఎదురింటి నాగలక్ష్మమ్మ ఉంది. ఆమె ఒక పొద్దంతా చెవి ఒగ్గి విని, బిడ్డ మగపిల్లవాడని కూడా తేల్చింది. ఆడపిల్లయితే అంత గట్టిగా ఏడ్వదట.

భూపేష్ భార్య పేరు శిల్ప. బద్వేలు పిల్ల. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదని ఊరు ఆమెను జాలిపడి జాలిపడి సగం చేసింది. ఇప్పుడు మిగిలిన సగం పని మొదలైంది. నాగలక్ష్మమ్మే ముందుగా పోయింది.

"బాలింత బాగుండాదా శిల్పా?"

"ఎవరత్తా బాలింత?"

"పాపం, నీతో కూడా చెప్పలేదా! పోనీలేమ్మా, నీది మంచి మనసు. ఒక చెంబుడు మజ్జిగియ్యి, తాగిపోతా."

ఆ సాయంత్రం శిల్ప భర్తను నిలదీసింది. "గోడౌన్లో ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

"అట్లయితే తలుపు తియ్యి."

"తీయకూడదు. చలిగాలి తగుల్తాది."

చలిగాలి ఎవరికి తగులుతుందో చెప్పలేదు. శిల్పకు ఇంకేమీ అడగవలసిన అవసరం కనిపించలేదు. ఆ రాత్రి నుంచి ఆమె కూడా ఆ ఫ్యాను ఏడుపు వినసాగింది.

వార్త ఓబులేసు గారికి చేరింది. బర్రెను మధ్యన పెట్టుకోకుండా ఎన్నో ఏళ్ల తర్వాత కొడుకును నేరుగా పలకరించాడు.

"నిజమేనా రా?"

భూపేష్ ఆలోచించాడు. తలుపు తీస్తే గంజాయి కేసు. తీయకపోతే రెండో సంసారం. మొదటిదానికి జైలు, రెండోదానికి తండ్రి ముఖంలో కనబడుతున్న వెలుగు. తల వంచుకున్నాడు.

"ఇంతకాలానికి ఒక పని చేసినావురా!" అని ఓబులేసు గారు కొడుకు భుజం తట్టాడు. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్లె పండుగకు రోజు పెట్టాడు. ఒట్టు వేసిన వెంకటలక్ష్మమ్మ నోరు తెరవలేదు. తండ్రీకొడుకులు ఒక పంక్తిలో కూర్చొని తింటుంటే ఆమెకు తెరవాలని కూడా అనిపించలేదు. బిడ్డను ఎక్కడి నుంచి తేవాలన్నది ఆ రోజుకు చూసుకోవచ్చులే అనుకున్నాడు భూపేష్. ప్లాట్ల వ్యాపారంలో అలవాటైన పద్ధతి అది.

శిల్ప అన్నలు బద్వేలు నుంచి బండి వేసుకొని ఆవేశంగా వచ్చారు. ఓబులేసు గారు కోడిని కోయించాడు. తిన్నాక ఆవేశం తగ్గింది. చెల్లెలిని పక్కకు పిలిచి, "పెద్దింటి వ్యవహారమమ్మా, సర్దుకో. రేప్పొద్దున ఆ పిల్లోడే నిన్ను అమ్మా అంటాడు," అని ఓదార్చి, చేయి కడుక్కొని వెళ్లిపోయారు.

పండుగ రోజు రానే వచ్చింది. షామియానా వేశారు. నియోజకవర్గ నాయకుడు గారు బిడ్డకు వెండి మొలతాడు తెచ్చారు. సీఐ గారు మాంసం వాసన పట్టుకొని కొంచెం ముందుగానే వచ్చారు. ఏసీలు, హీటర్లు, మైకుసెట్టు కలిసి ఊరి ట్రాన్స్‌ఫార్మరును పట్టపగలు పేల్చేశాయి. షామియానా కింద జనం ఉడికిపోయారు. నాయకుడు గారి ఖద్దరు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఏం ఓబులేసప్పా, ఆ గదిలో చల్లగుంటాదంట కదా. నేను ఆడ్నే కూర్చుంటా పద," అని లేచారు. బాలింత గదిలోకి మగవాళ్లు పోరాదని భూపేష్ అడ్డం పడ్డాడు. "నేను మగోణ్ణా? ప్రజాసేవకుణ్ణి!" అని ఆయన తలుపు తోశారు. వెనకనే సీఐ గారు, వెనకనే ఊరంతా.

లోపలి నుంచి చల్లటి గాలి ముఖాన కొట్టింది. మొదట అందరం "ఆహా" అన్నాం, ఆ తర్వాతే చూశాం. చెవులకు గుడ్డలు, కుండీలకు దిష్టిచుక్కలు, వరసగా వాడి వేలాడుతున్న మొక్కలు. ఏసీ రాగి పైపు మీద బొటనవేలంత మంచు పేరుకొని ఉంది. మొదట్లో నేను చెప్పిన మంచు ఇదే. ఊర్లో పడలేదు, పైపు మీద పడింది. చేత్తో పట్టుకున్నానన్నాను కదా, పట్టుకున్నది గోడౌను కాపలా కంబన్న. నేను కంబన్న చెయ్యి పట్టుకున్నాను.

నాయకుడు గారు చేతిలో మొలతాడుతో ఒక్క క్షణం ఆగారు. ఆయనకు ఒకచోట ఊరికే నిలబడే అలవాటు లేదు, ప్రసంగించారు. "సోదరులారా! కన్నబిడ్డలను కూడా పట్టించుకోని ఈ రోజుల్లో మొక్కలను బిడ్డలుగా సాకుతున్న ఈ యువరైతును చూసి ఈ సీమ గర్వపడాల! కరువు గడ్డమీద చలిని పండించిన భగీరథుడు మా భూపేష్!" అని వెండి మొలతాడును మొదటి మొక్కకు కట్టారు. మొక్క ఆ బరువుకు ఒరిగిపోయింది. చప్పట్లు కొట్టాం.

సీఐ గారి ముక్కు మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఏం మొక్కలివి?" అన్నారు.

ఓబులేసు గారు దగ్గాడు. "గోగాకు సార్."

"గోగాకే సార్," అన్నాడు కంబన్న.

"మంచి పుల్ల గోగాకు సార్," అన్నాను నేను. గోంగూరను మేము గోగాకంటాం.

ఊరంతా ఒక్క గొంతుతో గోగాకు అనింది. మా ఊరు అంత ఐకమత్యంగా ఉండటం నేనెన్నడూ చూడలేదు. సీఐ గారు కాగితం తీసి 'గోగాకు' అని రాశారు. అప్పుడు జనం వెనక నుంచి మజ్జిగ గ్లాసుల పళ్లెం కింద పెట్టి శిల్ప ముందుకు వచ్చింది.

"సార్, అది గోగాకు కాదు. గంజాయి. గంజాయనే రాయండి. మీరు గోగాకని రాసుకొని పోతే, బిడ్డను ఎనక తలుపు నుంచి దాటించినారని రేపు ఊరంతా అంటాది. నా మొగుడు జైలుకు పోతే ఏదో ఒకనాటికి తిరిగొస్తాడు. పుట్టని బిడ్డ మాత్రం నా ఇంట్లో నుంచి ఎప్పటికీ పోడు."

ఊరు నివ్వెరపోయింది. రెండో సంసారాన్ని సర్దుకోమన్నవాళ్లం, గంజాయిని గోగాకు చేసినవాళ్లం, మేము కూడా సహించలేని పని ఒకటి ఉంటుందని అప్పుడే తెలుసుకున్నాం. "మొగుణ్ణి పట్టించే ఆడది కూడా ఒక ఆడదేనా?" అని నాగలక్ష్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది. సీఐ గారు గోగాకు కొట్టేసి గంజాయి రాశారు. భూపేష్‌ను జీపెక్కించారు. శిల్ప ఫ్యాను స్విచ్చి ఆపేసింది.

కథ ఇక్కడ ఆపితే నాకు మంచి పేరు వస్తుంది. కానీ ఇందులో ఒక ముక్క నేను కల్పించాను, చెప్పకపోతే నిద్రపట్టదు. ఏసీకి హీటరుతో పోటీ పెట్టింది నిజం. మొక్కలకు చెవుల గుడ్డలు నిజం. మొలతాడు నిజం. ట్రాన్స్‌ఫార్మరు పేలింది నిజం, కాబట్టి ఆపడానికి ఆ వేళ ఫ్యాను తిరగనే లేదు. కల్పించింది శిల్ప మాటలను.

జరిగింది ఇది. సీఐ గారు ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు చెప్పు," అన్నారు. ఆమె పళ్లెం పట్టుకొని మావైపు చూసింది. మేమంతా ఆమెవైపు చూశాం. "గోగాకే సార్," అనింది.

సీఐ గారు గోగాకని రాసుకొని, భోంచేసి వెళ్లారు. మొక్కలు చచ్చాయి. భూపేష్ ఇప్పుడు ప్రకృతి సేద్యం మీద సభల్లో మాట్లాడుతున్నాడు. ఆ బిడ్డను వెనక తలుపు నుంచి దాటించి రాజంపేటలో పెంచుతున్నారట. వాడికి నడక వచ్చిందని, అచ్చం ఓబులేసు గారి ముక్కేనని నాగలక్ష్మమ్మ చెబుతోంది. ఆ గోడౌనుకు వెనక తలుపు లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా శిల్ప ఎదురైనప్పుడల్లా "పిల్లోడు బాగుండాడా?" అని అడుగుతూనే ఉన్నాం. ఆమె "బాగుండాడు" అంటూ పోతోంది.

మంచు పడిందంటే నమ్మారు. మొక్కకు మొలతాడు కట్టారంటే నమ్మారు. శిల్ప నోరు తెరిచిందన్న చోట మాత్రం కొంచెం అనుమానపడ్డారు కదూ? నాకు తెలుసు. మీదీ మా ఊరే మరి.