ఇమాంగారి రెండో గొంతు

ఆ ఉదయం ఇమాంగారి కోరిక చాలా చిన్నది. ఎవరూ పిలవకుండా ఒక్క పూట కూర్చుని శుక్రవారం ప్రసంగం రాసుకోవాలి. ఆ భాగ్యం దక్కి చాలా కాలమైంది. మసీదు వెనక గదిలో కలం మూత తీయగానే ఫోను మోగేది. నమాజుకు ముందు వుజూ చేశాక తుమ్మితే మళ్లీ కాళ్లూ చేతులూ కడుక్కోవాలా అని ఒకరు, మోకాళ్ల నొప్పులకు కుర్చీలో కూర్చుని నమాజు చేయొచ్చా అని మరొకరు. చెప్పిందే చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది.

కంప్యూటర్ కంపెనీలో పనిచేసే అల్లుడు అది చూసి జాలిపడ్డాడు. మామగారి పాత ప్రసంగాలన్నీ కృత్రిమ మేధకు వినిపించాడు, ఆయన అలమరలోని గ్రంథాలన్నీ చదివించాడు. ఇక ఎవరు ఏ సందేహం అడిగినా ఫోనులో ఆయన గొంతుతోనే జవాబు వస్తుంది.

"తెలియనిది తెలియదని చెబుతుందా?" అని అడిగారు ఇమాంగారు.

"మనుషులకంటే తొందరగా చెబుతుంది మామయ్యా. ఇంతకీ ఇది యంత్రమని తలుపు మీద రాయించనా?"

"వద్దులే బాబూ. ఆ యంత్రమేంటని మళ్లీ నన్నే అడుగుతారు."

మసీదు తలుపుకు కొత్త నంబరు అంటించారు. ఫోను మూగబోయింది. ఇమాంగారు హాయిగా రాసుకున్నారు.

వారం తిరక్కుండానే దర్జీ ఊగిపోతూ వచ్చాడు. "నేనేం పాపం చేశానని నా మీద పడ్డారు ఇమాంగారూ?"

"నేనా?"

దర్జీ ఫోను నొక్కాడు. ఇమాంగారి గొంతు కమ్మగా పలికింది: "అమ్మా, ఇంటిపనిలో చేయి కలపడం ప్రవక్తవారి అలవాటు. చొక్కాలు కుట్టగల చేతులకు గిన్నెలు తోమడం కష్టమేమీ కాదు."

"నిన్నటినుంచి మా ఆవిడ దీన్ని కుట్టుమిషను పక్కనే పెట్టి మోగిస్తోందండీ! చొక్కాకి మూడు చేతులు కుట్టేశాను!"

దర్జీని సముదాయించి పంపేలోపు బడి హెడ్మాస్టరు దిగాడు. నలుగురిలో భార్యను కసరడం తగదని ఆయన భార్యకూ అదే గొంతు చెప్పిందట. ఆయన వెళ్లాక అసలు పిడుగు పడింది. మసీదు కమిటీ అధ్యక్షుడు వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మాయి ఇష్టం లేకుండా పెళ్లి తగదని మా పిల్లకు చెప్పారా? సాయంత్రానికి నన్ను నిలబెట్టి అడుగుతోంది! ఆదివారం సంబంధం వాళ్లొస్తున్నారు. రేపు ప్రసంగంలో అది పొరపాటని చెప్పండి. లేదంటే మేం ఇంకో ఇమాంను చూసుకుంటాం."

ఇమాంగారికి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. ఆ మాటలు నావి కావనవచ్చు. కానీ అవి తప్పనడానికి నోరు రాదు. తప్పు కాదు మరి. ఉద్యోగం పోతే మసీదు ఇచ్చిన ఈ ఇల్లూ పోతుంది.

ఇంటికెళ్లి భార్యకు చెప్పుకున్నారు. ఆవిడ తన దగ్గర ఖురాను నేర్చుకునే పిల్లలు వదిలెళ్లిన పుస్తకాలు సర్దుతూనే విని, "నేనూ దాన్ని ఒకటి అడిగానండీ" అన్నారు.

"నువ్వా? ఏమని?"

"ఊరందరి గోడూ వినే మా ఆయన నా మాట ఎందుకు వినడని. ఓపిగ్గా చెప్పు, తెలియక చేస్తున్నాడేమో అంది. ఇన్నేళ్లుగానా అని అడిగితే, తెలియదంది."

ఇమాంగారు ఫోను తీసి, యంత్రం చెప్పిన జవాబులు ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టారు.

శుక్రవారం మసీదు కిటకిటలాడింది. తెర అవతల ఆడవాళ్ల వైపు నిలబడేందుకు చోటు లేదు. ఇమాంగారు రాసుకొచ్చిన ప్రసంగం జేబులోనే ఉంచేశారు.

"మీరు విన్న గొంతు నాది కాదు, యంత్రానిది. ఆ సంగతి మీకు చెప్పకపోవడం నా తప్పు. దాని జవాబులన్నీ నిన్న కూర్చుని విన్నాను. వాటిలో తప్పేమీ లేదు. ఇక్కడ నిలబడి అవే మాటలు చెప్పే ధైర్యం నాకే లేకపోయింది."

అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది. ప్రసంగం నడుస్తుండగా మాట్లాడకూడదు కాబట్టి, పాపం, లోలోపలే ఉడికిపోయాడు. నమాజు ముగియగానే చెప్పులు వెతుక్కుంటూ, "రేపట్నుంచి మీరు..." అని మొదలుపెట్టాడు.

గేటు దగ్గర అధ్యక్షుడి భార్య, కూతురు నిలబడి ఉన్నారు. "సంబంధం వాళ్లని రావొద్దని చెప్పేశాను. ఇంటికి పదండి" అందావిడ. ఆయన కూతురి ముఖం చూశాడు. "రేపట్నుంచి మీరు ఆ యంత్రాన్నైనా తీసేయండి" అని ఇమాంగారి వైపు తిరిగి గొణిగాడు.

"తీయొద్దు!" ఆడవాళ్లంతా ఒక్కసారే అన్నారు. "ఇన్నాళ్లూ మేం ఎవర్నడిగాం? అడిగితే ఎవరు చెప్పారు?"

"అయితే గొంతైనా మార్చండి బాబూ," దర్జీ దణ్ణం పెట్టినంత పని చేశాడు. "మసీదులో ఈయనే, ఇంట్లోనూ ఈయనేనా?"

"మరి ఎవరి గొంతు పెట్టమంటారు?" అన్నాడు నమాజుకొచ్చిన అల్లుడు.

"మా పిల్లలకు ఖురాను నేర్పేది ఇమాంగారింటి అమ్మగారేగా. ఆవిడది పెట్టు" అంది అధ్యక్షుడి భార్య. కాదనడానికి అక్కడ ఎవరికీ కారణం దొరకలేదు. సాయంత్రానికల్లా అల్లుడు గొంతు మార్చేశాడు.

అప్పటినుంచి ఇమాంగారు ప్రతి మాటా ఇంట్లో ఒకసారి, ఫోనులో ఒకసారి వింటున్నారు.