తొమ్మిదో మెట్టూ నో డ్యూసూ

“సాటి ప్రత్యర్థి లేనివాడు చరిత్రకెక్కడు!” అని కొత్త కమిషనరుగారు సెలవిచ్చారు. సెలవిచ్చింది సోమవారం పదకొండు గంటలకు, సమావేశం హాల్లో, మైకు ముందు కాబట్టి ఆ మాట చరిత్రతో ఆగక ఉత్తర్వు కూడా అయింది.

ఆయన మాట్లాడుతున్నది టెన్నిస్ గురించి. ఆయన ముందు బల్ల మీద ఉన్నది మురుగుకాలవల ఫైలు. దాన్ని మోచేత్తో పక్కకు నెట్టి, పురుషుల టెన్నిస్‌లో మహామహుల పోటీల గురించి ముప్పావుగంట చెప్పారు. ఒకప్పుడు మంచుముద్దలాంటి ఒకాయనకూ ముక్కు మీద కోపం ఉన్న ఇంకొకాయనకూ మధ్య జరిగిన పోరు చెప్పారు. తర్వాతి కాలంలో పచ్చిక మీద తిరుగులేని కుడిచేతివాటం ఆయనకూ ఎర్రమట్టి మీద ఎదురులేని ఎడమచేతివాటం ఆయనకూ జరిగిన పోరు చెప్పారు. చివరికి కళ్ళద్దాలు తుడుచుకుని, “మనలో టెన్నిస్ ఆడేవాళ్ళున్నారా?” అని అడిగారు.

తూర్పుగది అధికారి చెయ్యి లేచింది. అది చూసి పడమటిగది అధికారి చెయ్యి ఇంకో జానెడు పైకి లేచింది.

వీళ్ళిద్దరూ ఒకే రోజున ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఒకే హోదా, ఒకే జీతం, నడవాకు ఆ చివర ఒకరి గది, ఈ చివర ఒకరి గది. పైన ఖాళీగా ఉన్న కుర్చీ మాత్రం ఒక్కటే. అందుకని తూర్పుగది నుంచి వెళ్ళిన ప్రతి ఫైలునూ పడమటిగది ఏదో ఒక వంకతో తిప్పి కొట్టేది. ఆ లెక్కన చూస్తే వాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా టెన్నిస్ ఆడుతున్నట్టే. కాకపోతే బంతీ బ్యాటూ మాత్రం ఇద్దరూ ఎన్నడూ పట్టి ఎరగరు.

“మేమిద్దరం చిరకాల ప్రత్యర్థులం సార్. ఇప్పటికి నలభై ఒక్క ఆటలు ఆడాం” అన్నాడు తూర్పుగది.

“ఎవరిది పైచెయ్యి?” అన్నారు కమిషనరుగారు.

“నాదే సార్” అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.

“రికార్డు ఉందా?”

అబద్ధం ఆడటంలో వాళ్ళిద్దరి మధ్య పోటీ లేదని అప్పుడే తెలిసింది. “ఉంది సార్, రికార్డు గదిలో” అన్నారు, మళ్ళీ ఒకే గొంతుతో. హాల్లో ఉన్న అరవై తలకాయలూ చివరి వరసకేసి తిరిగాయి.

చివరి వరసలో రికార్డు బాబాయి కూర్చుని ఉన్నాడు. రికార్డు గది గుమాస్తాగా ముప్పై రెండేళ్ళు చేశాడు. అధికారులతో సహా అందరికీ ఆయన బాబాయే. ఇంకో పన్నెండు రోజుల్లో రిటైరవుతున్నాడు. ఆయన చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. దాని పేరు నో డ్యూస్ సర్టిఫికెట్టు. ‘ఈ ఉద్యోగి దగ్గర కార్యాలయానికి చెందిన వస్తువేదీ లేదు’ అని రాసి, కింద ఇద్దరు అధికారులూ సంతకం పెడితేనే ఆయన పింఛను కాగితాలు కదులుతాయి.

రెండు నెలలుగా ఆ ఫారం కదలడం లేదు. అడ్డొచ్చింది రికార్డు గదిలోని నిచ్చెన. తూర్పుగది రిజిస్టరులో ‘నిచ్చెన ఒకటి, మెట్లు తొమ్మిది’ అని ఉంది. తీరా చూస్తే మెట్లు ఎనిమిదే. “తొమ్మిదో మెట్టు ఏదయ్యా బాబాయ్? అది తేలాక సంతకం పెడతాను” అన్నాడు తూర్పుగది. పడమటిగది రిజిస్టరులో అసలు నిచ్చెనే లేదు. “లేని నిచ్చెనకు మెట్లెక్కడివి? ముందు ఆయన చేత నిచ్చెన కొట్టేయించుకురా, తర్వాత చూద్దాం” అన్నాడు పడమటిగది. బాబాయి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది.

సమావేశం అవగానే తూర్పుగది బాబాయిని మెట్ల దగ్గర ఆపి చెవిలో అన్నాడు. “ఆదివారం కమిషనరుగారి ముందు మా ఇద్దరికీ ఆట. ఈలోగా పాత ఆటల రిజిస్టరు ఒకటి పుట్టించు. నలభై ఒకటిలో ఇరవై ఒకటి నావి. నువ్వే అంపైరువి కూడా. అయ్యాక నీ సంతకం సంగతి చూస్తాను.”

పదడుగులు వేయగానే పడమటిగది పట్టుకున్నాడు. “ఇరవై ఒకటన్నాడా? అయితే నాకు ఇరవై రెండు వెయ్యి.”

“కలిపితే నలభై మూడవుతాయండి.”

“అవనీ. ఆడిన ఆటలు దాచుకోవడం ఎందుకు?”

బుధవారానికి ఆ ఆటలు తొంభై ఏడు అయ్యాయి. అక్కడితో ఆగినా బాగుండేది. తూర్పుగది ఆ రోజే రికార్డు గదికి వచ్చి, “ఆ వాన పడ్డ రోజు ఆటలో వాడు తొండి చేశాడు బాబాయ్. అది కూడా రాయి” అని పళ్ళు కొరికాడు. ఏ వానో, ఏ ఆటో బాబాయికి తెలియదు, ఆయనకూ తెలియదు. అయినా ఆయన కళ్ళల్లో నిజమైన నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ ఒకే లిఫ్టు ఎక్కడం మానేశారు.

టెన్నిస్ అంటే ఏమిటో తెలియకుండా తొంభై ఏడు ఆటలు రాయడం బాబాయికి మనసొప్పలేదు. రికార్డు గదిలో పాత ఫైళ్ళకు చుట్టిన వార్తాపత్రికల కట్టలున్నాయి. వాటిల్లో ఆటల పేజీలు విప్పి, నిచ్చెన మీద కూర్చుని వరసగా చదివాడు. లవ్ అంటే సున్నా అని తెలిసింది. బంతి ఎక్కడ పడాలో తెలిసింది. ఇద్దరూ నలభై నలభై దగ్గర ఆగితే దాన్ని డ్యూస్ అంటారని, అక్కడి నుంచి ఎవరో ఒకరు వరసగా రెండు పాయింట్లు గెలిచేదాకా ఆట తెగదని తెలిసింది. ముప్పై రెండేళ్ళుగా ఆ మాటకు తనకొక్కటే అర్థం తెలుసు కదా అని నవ్వుకున్నాడు.

ఒక పేజీ దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ కుడిచేతివాటం ఆయన ఆట మానేసిన రోజున ఎడమచేతివాటం ఆయన పక్కనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. జీవితమంతా ఎదురు నిలిచినవాడు, వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. బాబాయి ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు. ‘వాళ్ళు శత్రువులు. నేను వీళ్ళకు ముప్పై రెండేళ్ళు అడిగిన కాగితమల్లా వెతికిచ్చాను. నేను వెళ్తుంటే నా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేకపోయారు’ అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి ఇంటావిడతో చెప్పుకున్నాడు. ఆవిడ కుట్టుమిషన్ మీద దిండు గలేబులు కుడుతోంది. ఆ మిషన్‌కు ఒక కాలు పొట్టి. కింద చెక్కముక్క పెట్టినప్పటి నుంచి పదకొండేళ్ళుగా కదలకుండా కుదురుగా నిలబడింది.

“ఒకరు పెడితే ఇంకొకరు పెడతారు, అంతేనా?” అంది ఆవిడ.

“ముందు పెట్టినవాడు ఓడిపోయినట్టు లెక్కట.”

“ముందు పెట్టినవాడే గెలిచినట్టని చెప్పండి. వాళ్ళకు తెలిసేడిస్తేగా.”

బాబాయి ఆ మాట మడతపెట్టి ఫారంతోపాటు జేబులో దాచుకున్నాడు.

రిజిస్టరు మాత్రం శుక్రవారానికి తయారైంది. దానికి గది దుమ్మే దట్టించాడు కాబట్టి వయసు దానంతటదే వచ్చింది. ఫలితం గడిలో తొంభై ఏడు ఆటలకూ ఒకే మాట రాశాడు, డ్యూస్ అని. తూర్పుగది వచ్చి, “ఇదేంటి, నేను గెలిచినట్టు లేదే?” అన్నాడు.

“డ్యూస్ అంటే మీరే గెలిచినట్టండి. మర్యాదకని పైకి అనరు.”

తూర్పుగది మీసం దువ్వుకున్నాడు. అరగంట తర్వాత బాబాయి పడమటిగదికీ ఇదే మాట చెప్పాడు. ఆయనకు మీసం లేదు కాబట్టి గడ్డం నిమురుకున్నాడు.

ఆదివారం ఉదయం కార్యాలయం వెనక కార్లు నిలిపే చోట సున్నంతో గీతలు గీశారు. నడుమ వాలీబాల్ వల దించి కట్టారు. అంపైరుకు ఎత్తు కుర్చీ కావాలంటే, ఒక రిజిస్టరులో ఉండి ఇంకో రిజిస్టరులో లేని ఆ నిచ్చెననే తెచ్చి వేశారు. బాబాయి ఎనిమిది మెట్లూ ఎక్కి కూర్చున్నాడు. తూర్పుగది వేసుకున్న తెల్లప్యాంటు మీద దర్జీ గీసిన సుద్దగీతలు ఇంకా పోలేదు. పడమటిగది బ్యాటుకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

కమిషనరుగారు ముందు రిజిస్టరు తెప్పించుకున్నారు. బాబాయికి భయం పట్టుకుంది. డ్యూస్ అనేది ఆట మధ్యలో వచ్చేదే గాని ఆట ముగింపు కాదని టెన్నిస్ తెలిసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. ఆయన పేజీలు తిప్పి తిప్పి, “అహా, తొంభై ఏడుకు తొంభై ఏడూ డ్యూసే. ఫలితమంటే ఇలా ఉండాలి” అన్నారు. బాబాయి ఆయనకేసి ఈసారి కాస్త పరీక్షగా చూశాడు.

తూర్పుగది సర్వీసు. మొదటి బంతి వలకు తగిలింది. రెండో బంతి ఆయన కాలికే తగిలింది.

“లవ్, ఫిఫ్టీన్” అన్నాడు బాబాయి.

తూర్పుగది నిచ్చెన దగ్గరకొచ్చాడు. “ఆయనకు పదిహేనూ నాకు లవ్వా? ఆ లవ్వేదో ఆయనకే ఇచ్చుకో.”

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు బ్యాటు మార్చుకుని మళ్ళీ కొట్టాడు. ఈసారి బంతి ప్రహరీ దాటి పక్క మేడ మీదికి పోయింది. అక్కడ బట్టలు ఆరేస్తున్నావిడ దాన్ని తీసి, తిట్టి, విసిరింది. అది వచ్చి పడమటిగది ముందు పడింది.

“ఇన్” అన్నాడు బాబాయి, ఏమవుతుందో చూద్దామని.

“గీత మీద పడ్డ బంతి. ఇలాంటి దెబ్బ ప్రపంచంలో ముగ్గురే కొట్టగలరు” అన్నారు కమిషనరుగారు. చుట్టూ ఉన్న సిబ్బంది చప్పట్లు కొట్టారు.

అప్పుడు బాబాయికి అంతా అర్థమైంది. గుర్రాలు రెండే కాదు, రౌతు కూడా గుడ్డివాడే. ఆ ఆవరణలో టెన్నిస్ తెలిసినవాడు తానొక్కడే, అదీ బుధవారం నుంచి. ఇక ఆయనకు భయం పోయింది. ఒక పాయింటు ఇటు వేశాడు, ఒక పాయింటు అటు వేశాడు. బంతి ఎటు పోయిందన్నది చూడటమే మానేశాడు. నలభై నలభై కాగానే గొంతెత్తి “డ్యూస్” అని అరిచాడు. ఎనిమిది మెట్లూ దిగాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కమిషనరుగారి ముందు పరిచాడు.

“ఏమిటిది?” అన్నారాయన.

“నో డ్యూస్ అండి. డ్యూస్ వచ్చినప్పుడు ఇద్దరు ఆటగాళ్ళూ దీని మీద సంతకాలు పెడితే గాని ఆట ముగియదు. ముందు పెట్టినవారు గెలిచినట్టు. తమరికి తెలియని నియమం కాదు.”

తూర్పుగది నోరు తెరిచాడు. పడమటిగది కూడా తెరిచాడు. అలాంటి నియమం లేదనాలంటే నియమాలు తెలిసి ఉండాలి. ఇద్దరూ కమిషనరుగారి మొహంకేసి చూశారు.

కమిషనరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “తెలియకేం? విదేశాల్లో పెద్ద పెద్ద పోటీల్లో ఈ కాగితం నేను కళ్ళారా చూశాను. మీరేమిటి, తొంభై ఏడు ఆటలాడి అలా నిలబడ్డారు?”

“పెడుతూనే ఉంటాం సార్, ఏటా పెడతాం” అంటూ తూర్పుగది కలం తీశాడు. “ఎప్పుడూ ముందు పెట్టేది నేనే సార్” అంటూ పడమటిగది ఆ కలం లాక్కున్నాడు. ఆ రోజు జరిగిన అసలైన పోటీ ఆ అర నిమిషమే. కాగితం చిరిగిపోతుందేమోనని బాబాయి రెండు చేతులతో అదిమిపట్టుకున్నాడు. చివరికి ఒకరి సంతకం మీద ఇంకొకరి సంతకం సగం ఎక్కి కూర్చుంది. ఎవరు ముందో ఎవరికీ తేలలేదు. కింద మిగిలిన చోట కమిషనరుగారు కూడా ఒక సంతకం గీకి, “మహా ప్రత్యర్థులు అంటే వీళ్ళు” అన్నారు. నిచ్చెన సంగతి ఎవరూ ఎత్తలేదు.

ముప్పయ్యో తారీఖున వీడ్కోలు సభ జరిగింది. పెద్ద ఆటగాళ్ళు ఎలా ఏడ్చారో కమిషనరుగారు మైకులో చెప్పారు. వెంటనే తూర్పుగది బాబాయి కుడిచెయ్యీ పడమటిగది ఎడమచెయ్యీ పట్టుకుని, ఫొటోగ్రాఫరు కేసి తిరిగి ఏడవడం మొదలుపెట్టారు. పక్కవాడికి ఎన్ని కన్నీళ్ళు వస్తున్నాయో ఓరగా చూసుకుంటూ ఏడ్చారు. చేతులు రెండూ వాళ్ళ దగ్గరే ఉండటంతో బాబాయికి తన కళ్ళు తుడుచుకునే వీలు లేకపోయింది. అక్కడ నిజంగా తడిసిన కళ్ళు ఆయనవే.

నెల తర్వాత ఒక ఉత్తర్వు నకలు బాబాయి ఇంటికి వచ్చింది. ఇకపై అన్ని శాఖల టెన్నిస్ పోటీల్లోనూ డ్యూస్ వచ్చిన ప్రతిసారీ నో డ్యూస్ ఫారం మూడు ప్రతుల్లో సమర్పించవలెనట. బాబాయి పైకి చదివి, “చూశావా, ఒక్కడికీ ఏమీ తెలియదు. అంతా పైపై వేషాలు. నిజాయితీ అన్నది మచ్చుకైనా లేదు” అన్నాడు.

ఇంటావిడ మిషన్ ఆపలేదు. “ఆ తూర్పుగదాయన మాత్రం పాపం, ఒక్క మాట నిజమే అడిగాడండీ” అంది.

“ఏం అడిగాడు?”

ఆవిడ పాదంతో మిషన్ పొట్టికాలి కిందున్న చెక్కను తట్టింది. పదకొండేళ్ళ కిందట విరిగి ఇంటికొచ్చిన తొమ్మిదో మెట్టు, ఎప్పటిలాగే కదలకుండా ఉంది.