నలభై చొక్కాలు, మూడు పెడళ్లు

మా ఇంటికి టీకి వచ్చిన మిత్రులందరూ కప్పు కింద పెట్టేలోపు ఒకే ప్రశ్న అడుగుతారు. "అదేమిటయ్యా కూర్మారావూ, వాకిట్లో ఉన్న రేసు కారు మీ ఆవిడదీ, వరండాలో ఉన్న కుట్టుమిషను నీదీనా?" అని. ఇంతకాలం బిస్కెట్లు తెచ్చే నెపంతో లోపలికి పారిపోయాను. ఈ రోజు బిస్కెట్లు అయిపోయాయి. చెప్పక తప్పదు.

నేను పుట్టుసిగ్గరిని. పద్యాలు రాస్తాను, రాసి చెక్‌రోలు అనే హాజరు పుస్తకం కింద దాస్తాను. తెల్లవారుజామున కూలీల హాజరు పిలిచేటప్పుడు నా గొంతు మొదటి వరస దాటదు. వెనక వరసలవాళ్లు నా పెదవుల కదలిక చూసి "ఉన్నా" అంటారు.

మలయాకు మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన యాభై ఏడులో నేను బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో రెండో కిరాణీని, అంటే గుమాస్తాని. పెద్ద కిరాణీ చెప్పినది రాయడం, దొర అడిగినది తేవడం నా పని. మా దొరకు కూలీలు పెట్టిన పేరు పొగదొర. ఆయన నోట్లోంచి పైపు బయటికి రాగా చూసినవారు తోటలో లేరు; నిద్రలో కూడా కాలుతూనే ఉంటుందని అప్పలమ్మ అత్త ప్రమాణం చేసి చెప్పేది.

పొగదొరకు ఒక కారు ఉండేది. రెండే సీట్లు, పచ్చ రంగు, యుద్ధానికి ముందుది. దూకి ఆగేది, ఆగి దూకేది. దానికి నేను పెట్టిన పేరు మిడత. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం దాన్ని తుడిచే భాగ్యం నాదే.

ఆగస్టు మొదటివారంలో దొర నన్ను పిలిచారు. తోటలో నేర్చిన తమిళంలో, పొగ మధ్య నుంచి ఇలా సెలవిచ్చారు.

"కిరాణీ, నెలాఖరుకు మీకు దేశం వస్తుంది, నాకు ఓడ వస్తుంది. మెర్డేకా పొద్దున బడిపిల్లలు పట్నంలో పడాంగు మైదానానికి ఊరేగింపుగా వెళతారు కదా? వాళ్ల ముందు ఈ కారును ఎవరు నడుపుకుంటూ వెళితే కారు వాళ్లదే. నువ్వే నడపాలని నా కోరిక. షరతు ఒక్కటే. దీని ఒంటికి కొత్తగా ఒక్క చిల్లు కూడా పెట్టకూడదు."

ఆ మాటకు నా గుండె హాజరు పలికింది. ఒక్క పొద్దు, ఒక్క పొద్దంటే ఒక్క పొద్దు, నలుగురి ముందు తల ఎత్తుకుని సాగిపోవడం! గొంతు లేనివాడికి అంతకంటే గొప్ప పద్యం ఏముంటుంది?

అయితే చిక్కు కాళ్ల దగ్గర వచ్చింది. దొర ఆరడుగుల రెండంగుళాలు. నేను జుట్టుతో కలిపి అయిదడుగులు. లారీ లైసెన్సు ఎప్పుడో తీసుకున్నాను గాని, మిడతలో కూర్చుంటే నా పాదాలకూ పెడళ్లకూ మధ్య జానెడు ఆకాశం మిగిలింది. వీపు వెనక మూడు దిండ్లు వేసుకుంటే కాళ్లు అందాయి. కాని ముక్కు స్టీరింగుకు తగిలి హారన్ మోగింది.

అప్పుడు పుట్టింది నా ఆలోచన. పాత పెడళ్లు విప్పేస్తే అవి ఉన్న చోట నాలుగు బోల్టు చిల్లులు ఉంటాయి. వాటిలోనే బిగిసేలా ఒక ఇనుప చట్రం. ఆ చట్రానికి నా కాళ్లకు అందేంత ఇవతలగా మూడు కొత్త పెడళ్లు. కొత్త చిల్లు ఉండదు. స్పానర్ ఒక్కటి చాలు. పావుగంటలో బిగించవచ్చు, పావుగంటలో విప్పవచ్చు.

కొలతలు మా వరండాలోనే తీసుకున్నాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, నేల మీద కూర్చుని, సుద్దముక్కతో పాదాల చుట్టూ గీతలు గీసి, బ్రేకుకూ, వేగం పెంచే గ్యాసు పెడలుకూ నడుమ రెండు వేళ్ల సందు చాలని నిర్ణయించాను. చిత్తుకాగితం దొరకక ఒక పద్యం వెనక బొమ్మ వేసి, పట్నంలో మెకానిక్ మణియానికి చూపించాను.

మణియం కాగితం అటూ ఇటూ తిప్పాడు. "కిరాణి అయ్యా, ఈ పక్క పద్యం ఎలాగుందో నాకు తెలీదు లా. ఆ పక్క బొమ్మ మాత్రం నల్లా ఇరుక్కు, చాలా బాగుంది. ఆనా, అడుగున గట్టి పోత ఇనుప పలక ఒకటి కావాలి. వరసగా చిల్లులతో జాలీ ఉన్న పలకైతే మంచిది. ఏ వరసలో బోల్టు వేస్తే పెడల్ అంత ముందుకో వెనక్కో వస్తుంది."

జాలీ ఉన్న పోత పలక! తోటంతా వెతికాను. చివరకు అది మా ఇంట్లోనే, మా ఆవిడ పాదాల కిందే దొరికింది. ఆవిడ కుట్టుమిషనుకు తొక్కుడు పలక.

మా ఆవిడ పేరు రత్నావతి. పెళ్లప్పుడే ఆ మిషనుతో వచ్చింది. ఆ నెలలో బడిపిల్లలకు ఊరేగింపు చొక్కాలు నలభై కుట్టి ఇస్తానని మాస్టారికి మాట ఇచ్చింది. తోటలో చాలామంది పిల్లలకు బుద్ధి తెలిశాక అదే మొదటి కొత్త చొక్కా.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, ఆవిడ నీళ్లకు వెళ్లిన వేళ పలక విప్పేశాను. మిత్రులారా, నన్నలా చూడకండి.

ఆ రోజుల్లో ఎమర్జెన్సీ. తోట చుట్టూ ముళ్లకంచె. అడవిలో దాగిన తిరుగుబాటుదార్లకు బియ్యం చేరకుండా గేటు దగ్గర ప్రతివాడి మూటా ముల్లే తడిమి చూసేవారు. నేను పలకను పొట్టకు కట్టుకుని, మీద చొక్కా, ఆ మీద కోటు తొడిగి బయలుదేరాను. గేటు కాపలా పోలీసు మత్ నా కడుపు మీద వేలితో తట్టాడు.

ఠంగుమంది.

"అబాంగ్ కిరాణీ, పొద్దున ఏం తిన్నావు?" అన్నాడు మత్.

"నడుం నొప్పి. డాక్టరు కట్టమన్నాడు," అన్నాను.

"నడుం నొప్పికి పొట్టకా?"

వరసలో నా వెనక నలభైమంది. కోటు విప్పించాడు, చొక్కా విప్పించాడు. పలక బయటపడింది. బియ్యం గింజ లేదని వదిలేశాడు గాని, వరసలో మూడో మనిషి అప్పలమ్మ అత్త. తోటలో రేడియో ఒక్కటే, దొర బంగళాలో. అప్పలమ్మ అత్త ఉండగా రెండోది అవసరం కాలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే రత్నం మిషను ముందు కూర్చుని ఉంది.

"ఏటండీ, నా మిషను కింద పలక ఏటైపోనాది?"

"తుప్పు పట్టింది కదా అని... నూనె పెట్టించడానికి మణియం దగ్గర ఇచ్చినాను."

"మంచి పని సేసినారు. ఎన్నాళ్లకొస్తాది?"

"నాలుగు... నలభై... నెలాఖరుకు."

"మరి సొక్కాలు?"

నేను ఉత్తరం వైపు చూశాను. అటు గోడ ఉంది.

రత్నం కోప్పడలేదు. ఆవిడ కోప్పడితే నేను ఈ కథ చెప్పే స్థితిలో ఉండేవాడిని కాను. కోప్పడకపోవడంతోనే నా కొంప మునిగింది. పీట లాగి పక్కన వేసింది.

"పలక లేకపోతే ఏటి, పక్కన సక్రం ఉన్నాది గదా. సేత్తో తిప్పితే ఆడతాది. నా రెండు సేతులూ గుడ్డ మీద ఉంటాయి. మీవి కాలీయే గదా? కూకోండి."

కూర్చున్నాను. ఆ సాయంత్రం మొదలు ప్రతి సాయంత్రం కూర్చున్నాను. ఆవిడ "ఊఁ" అంటే తిప్పాలి, "ఆఁ" అంటే ఆపాలి. మొదటి చొక్కాకు నా భుజం పట్టేసింది. ఆరో చొక్కాకు అన్నం ముద్ద నోటికి రాక చెవికి వెళ్లింది. పన్నెండో చొక్కాకు కాలరు ఎలా తిప్పాలో, కాజా ఎక్కడ వేయాలో నాకే తెలిసిపోయింది. మొదటి భుజం పోయాక రెండో భుజం ఇచ్చాను.

చక్రం తిప్పుతూ కారు పాఠం మరిచిపోకుండా ఆటవెలదిలో పెట్టుకుని గొణుక్కునేవాడిని.

ఎడమ కాలి కింద నిముడును క్లచ్చురా
బ్రేకు నడుమ నుండు బెదరకోయి
గ్యాసు కుడికి నొదిగి గలగల నవ్వురా
అదుపు తప్పెనేని ఆసుపత్రి

"ఏటది, కొత్త పద్యమా? మళ్లీ సెప్పండి," అనేది రత్నం, దారం కొరుకుతూ. నా పద్యాన్ని మళ్లీ చెప్పమన్న ప్రాణి ఈ భూమి మీద అంతవరకూ లేదు. పొంగిపోయి పదిసార్లు చెప్పాను.

నెలాఖరుకు పెడళ్లు తయారయ్యాయి. మణియం బంగళాకు వచ్చి మిడతకు బిగించాడు. కూర్చుని కాళ్లు చాపాను. ఆహా! వరండాలో గీసిన గీతల మీద పాదాలు పెట్టినట్టే ఉంది. షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను, వట్టి పాదాలతో. దొర పైపు ఊపారు.

మెర్డేకా పొద్దున వచ్చింది. ముందు సాయంత్రం రత్నం నా భుజాలకు సెలవిచ్చింది. ఇంకా ఏడు చొక్కాలు మిగిలే ఉన్నాయని లోపల ముల్లు గుచ్చుతున్నా, రత్నం నిబ్బరంగా "మీరు పదండి" అంటే బయలుదేరాను. తెల్ల ప్యాంటు, కోటు, పెద్ద కిరాణీ దగ్గర అరువు తెచ్చిన నల్ల బూట్లు. బంగళా ముందు దొర ఉన్నారు, మణియం ఉన్నాడు, తోట జనమంతా ఉన్నారు. నమస్కరించి మిడతలో కూర్చుని, హుందాగా కాళ్లు చాపాను.

పెడళ్లు లేవు.

వంగి చూశాను. నాలుగు చిల్లులు నాలుగు కళ్లై నన్నే చూస్తున్నాయి.

అప్పుడే నలభైమంది పిల్లలు నలభై కొత్త చొక్కాల్లో జెండాలు పట్టుకుని వచ్చారు. వెనకే రత్నం. చంకలో తువ్వాలు చుట్టిన చంటిబిడ్డ లాంటి మూట, కొంగున స్పానర్.

"ఏడు సొక్కాలు మిగిలిపోనాయండీ. మీ భుజాలు సూస్తే జాలేసినాది. నిన్న మీరు ఆఫీసులో ఉండగా దీన్ని విప్పి తీసుకెళ్లి, నా పలక మిషనుకి తగిలించి కుట్టేసి, మీరొచ్చేలోగా దాసేసినాను. పావుగంటలో ఊడొచ్చేలా ఎంత బాగా సేసినారండీ!"

పొగడ్తకు సిగ్గుపడాలో, దొంగతనానికి సిగ్గుపడాలో తేలక రెండింటికీ కలిపి ఒకేసారి సిగ్గుపడ్డాను. ఆవిడ సీటు కిందికి వంగి, మణియం కడ్డీలు అందిస్తుంటే, చకచకా బోల్టులు బిగించేసింది.

ఇంజను ముట్టించాను. బ్రేకు తొక్కాను. మిడత రంకె వేసి ముందుకు ఉరికింది. అదిరిపోయి ఇంకా గట్టిగా బ్రేకు తొక్కాను. ఇంకా గట్టిగా ఉరికింది, ఆగింది, మళ్లీ ఉరికింది. పిల్లలు చెట్ల వెనక్కి, దొర మెట్ల మీదికి. మిడత నీళ్ల డ్రమ్ముకు బెత్తెడు దూరంలో దానంతటదే ఆగిపోయింది. మొట్టమొదటిసారి దొర నోట్లోంచి పైపు కింద పడింది.

మణియం కిందికి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యా! కొలత వట్టి కాలికి ఇచ్చి, బూటుతో వచ్చినారేం లా! ఒక్క బూటు కింద బ్రేకూ గ్యాసూ రెండూ ఉన్నాయి!"

నిజమే. గుమ్మం బయట చెప్పులు విడిచి కొలుచుకున్న సందులో పెద్ద కిరాణీ బూటు ఎలా పడుతుంది? గబగబా బూట్లు విప్పాను. పాదాలు పెట్టాను. ఈసారి మోకాళ్లు రెండూ స్టీరింగుకు ఇరుక్కున్నాయి.

"రత్నం! ఇది దగ్గరకొచ్చేసినాదే!"

"ఒక్క వరస ఇవతలికి బిగించినానండీ."

"ఎందుకే?"

"నా కాళ్లు మీకన్నా పొట్టి గదా."

దొర నవ్వారు, జనం నవ్వారు. మణియం తల దించుకున్నాడు. అప్పుడు తెలిసింది. పలక పోయిన మర్నాడే రత్నం అప్పలమ్మ అత్త వార్తతో మణియం దగ్గరికి వెళ్లిందట. "కానీ, సెయ్యి. సేసినాక నాకూ నేర్పు," అందట. నేను హాజరు రాసుకుంటున్న వేళ, దొర అనుమతితో, షెడ్డు చుట్టూ తోట లారీ తిప్పిందట. మిషను తొక్కిన కాళ్లకు నెమ్మది ఎవరు నేర్పాలి? పాఠం మాత్రం నాదే. పదిసార్లు చెప్పాను కదా.

"లైసెన్సు?" అన్నాను, ఆఖరి ఆశతో.

రత్నం మూటలోంచి రెండు తెల్లగుడ్డలు తీసింది. ఒక్కో దాని మీద ఎర్రగుడ్డతో అందంగా కుట్టిన ఎల్ అక్షరం. ముందొకటి, వెనకొకటి కట్టింది. నేర్చుకునేవాళ్ల కాగితం దొర ఎప్పుడో తెప్పించారట. పక్క సీట్లో లైసెన్సున్న మణియం కూర్చున్నాడు. ఉన్నవి రెండే సీట్లు.

"షరతు గుర్తుందా కిరాణీ?" అన్నారు దొర. "ఎవరు నడిపితే వాళ్లది. నీ పేరు నేను చెప్పలేదు, కోరుకున్నాను, అంతే."

రత్నం స్టీరింగు పట్టింది. మిడత దూకలేదు. గుడ్డ మీద సూది నడిచినట్టు సాఫీగా సాగింది. వెనక నలభైమంది పిల్లలు. వాళ్ల వెనక బూట్లు చేత పట్టుకుని, వట్టి పాదాలతో నేను.

గేటు దగ్గర మత్ నన్ను ఆపాడు. పొట్ట మీద తట్టాడు. చప్పుడు లేదు. "ఈ రోజు నిజం మనిషివి," అని నవ్వి, తడిమి చూడకుండానే గేటు బార్లా తెరిచాడు. ఆ గేటు అలా తెరుచుకోగా చూడడం నాకు అదే మొదలు. మందారం రంగు మట్టి రోడ్డు మీద నా ముందు నలభై చొక్కాలు రెపరెపలాడుతున్నాయి. ఒక్కో కుట్టులో నా భుజం నొప్పి నాకు కనిపిస్తోంది. ఎందుకో కళ్లు చెమర్చాయి. "మెర్డేకా!" అని అరిచాను. ముందున్న కారు దాకా వినిపించిందట. హారన్ మోగింది.

దొర వెళ్లిపోయారు. మణియం కారుకు వేరే పలక పోత పోయించాడు. పాతది మిషనుకు తిరిగి వచ్చింది. రత్నం లైసెన్సు తీసుకుని, ప్రసవాలకూ జ్వరాలకూ తోట ఆడవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే పనిలో పడింది. మరి చొక్కాలు కుట్టడానికి ఇంట్లో ఇంకెవరున్నారు? ఈ మధ్య ఎమర్జెన్సీ ఎత్తేశారు, కంచె పీకేశారు. నా పని మాత్రం పెరిగింది.

నిజం చెప్పనా? ఆ పలక మీద పాదం పెట్టేముందు ఇప్పటికీ చేత్తో తాకి కళ్లకద్దుకుంటాను. దొంగిలించిన నన్ను నలుగురిలో దొంగా అననిది ఆవిడ. నా పద్యాన్ని గుండెకెత్తుకున్నదీ ఆవిడే. ఈ తోట పిల్లలందరికీ నా పద్యం ఇవాళ కంఠస్థం. చివరి పాదం మాత్రం ఆవిడ మార్చి నేర్పింది.

అదుపు తప్పెనేని అయ్యగారు!

అదిగో, హారన్. ఇక లేస్తాను మిత్రులారా. వచ్చీ రాగానే గుమ్మంలోంచి "ఏటండీ, కాజాలైనాయా?" అంటుంది. ఇంకా మూడున్నాయి.