మంత్రిగారు మెచ్చిన పుస్తకాలు

జన వికాస శాఖ మంత్రిగారు ఒక గొప్ప ప్రకటన చేశారు. ఇకమీదట శాఖలో పనిచేసే ప్రతి ఒక్కరూ శని, ఆదివారాల్లో నాయకత్వం మీదో, వ్యక్తిత్వ వికాసం మీదో ఒక పుస్తకం చదివి తీరాలి. ఏ వారం ఏ పుస్తకమో మంత్రిగారే పేపరు ద్వారా సిఫార్సు చేస్తారు. చదివినవాళ్ళు సోమవారం పొద్దున్నకల్లా నాయకులుగా మారి ఆఫీసుకు రావాలి. మారనివాళ్ళు ఎందుకు మారలేదో రాసివ్వాలి. బాగా మారినవాళ్ళకి శాఖ క్వార్టర్స్ ముందుగా ఇస్తారు.

ఆ చివరి మాట విని మా ఇంటిల్లిపాదీ మంత్రిగారికి మనసులోనే దండం పెట్టుకున్నాం.

మా అల్లుడు ఆ శాఖలోనే గుమాస్తా. క్వార్టర్స్ వచ్చేదాకా ఉంటానని మా ఇంటికి వచ్చాడు. క్వార్టర్స్ రాలేదు, అతను వెళ్ళలేదు. మంచివాడు. ఒక్కటే చిక్కు, ఏది చదివినా పైకి చదువుతాడు. పేపరు, కరెంటు బిల్లు, సబ్బు మీది కాగితం, ఎదురింటి గోడ మీద 'ఇచట ప్రకటనలు అంటించరాదు'. చదివి ఊరుకోడు, వివరిస్తాడు. నేను వరండాలో నా కుర్చీలో కూర్చుంటే ఎదురుగా స్టూలు వేసుకుని మరీ వివరిస్తాడు.

నాకు మాటలంటే పడదు. నాది క్షవరం పని. ఈ పనిలో ఉన్నవాళ్ళకి నోరెక్కువని లోకం అనుకుంటుంది. నాకు మాత్రం మూడు మాటలు చాలు. తల వంచండి. కదలకండి. అయిపోయింది. ఇన్నేళ్ళూ వీటితోనే దుకాణం నడిపాను, సంసారం కూడా నడిపాను. ఇప్పుడు వరండాలో కాసేపు నిశ్శబ్దంగా కూర్చుందామంటే అల్లుడు.

గురువారం గురువారం మంత్రిగారి బంగళాకి వెళ్ళి క్షవరం చేసేది నేనే. వారి తల మీద జుట్టు తక్కువ, దాని మీద శ్రద్ధ ఎక్కువ. ఆ గురువారం నేను కత్తెర ఆడిస్తుండగా పేపరు విలేకరి ఫోన్ చేశాడు. పీఏ ఫోను మంత్రిగారి చెవి దగ్గర పట్టుకున్నాడు.

"వారాంతపు పఠనమా? ఎందుకు చెప్పనూ," అన్నారు మంత్రిగారు. "ఒకటా రెండా, ఎన్నని చదివాం. అయితే నా జీవితాన్నే మలుపు తిప్పిన పుస్తకం ఒకటుంది. దాని పేరు..."

అక్కడ ఆగారు. పైకప్పు చూశారు. నేను సరిగ్గా అప్పుడే మెడ వెనక్కి వచ్చాను.

"తల వంచండి," అన్నాను.

"తల వంచండి," అన్నారు మంత్రిగారు ఫోన్లో. అని, తల వంచారు.

"ఎవరు రాశారు సార్?" అని అడిగాడు విలేకరి.

మంత్రిగారు వంచిన తల ఎత్తకుండానే ఆలోచించారు. "పేరు చెప్పుకోని మనిషయ్యా. అంత వినయం."

మంత్రిగారు అబద్ధం ఆడారని నేననను. వారికా క్షణంలో ఆ పుస్తకం నిజంగానే తట్టింది. నేను గుర్తు చేశానంతే.

శనివారం తెల్లారేసరికి అల్లుడు పేపరు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. సంగతంతా పైకి చదివి, చెప్పులు వేసుకుని ఊళ్ళో ఉన్న పుస్తకాల షాపులన్నీ తిరిగాడు. ప్రతి షాపువాడూ "ఇప్పుడే అయిపోయింది సార్, ఆర్డరు పెట్టాం" అన్నాడట.

"మామయ్యా, సోమవారం రివ్యూ ఉంది. నా బతుకేం కాను?"

చూడలేక నోరు విప్పాను. "అది పుస్తకం కాదు."

"మరి?"

"మంత్రిగారి మెడ."

అల్లుడు స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "మెడ. అంటే నాయకుడికి తల కన్నా మెడ ముఖ్యమనా? ఎంత లోతు మామయ్యా. మీరు చదివారా?"

నేనిక మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందో చూశాను కదా.

సోమవారం రివ్యూ బ్రహ్మాండంగా జరిగిందని సాయంత్రం అల్లుడు చెప్పాడు. కార్యదర్శిగారు పుస్తకం రెండుసార్లు చదివి, రెండోసారి ఏడ్చారట. డైరెక్టరుగారు అనువాదం తనకు నచ్చలేదని, మూలంలో తల ఇంకా కిందికి ఉంటుందని అన్నారట. చీఫ్ ఇంజనీరు మాత్రం ముగింపు ముందే ఊహించానన్నాడట.

"నువ్వేం చెప్పావు?" అంది మా ఆవిడ.

"తలలు అందరికీ ఉంటాయి అత్తయ్యా, వంగే మెడ ఉన్నవాడే నాయకుడు అన్నాను. మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు. క్వార్టర్స్ వరసలో నాదే మొదటి పేరు."

ఆ రాత్రి మా అమ్మాయి వంటసామాను విడిగా సర్దడం మొదలుపెట్టింది. నేను నా కుర్చీని ఎండ పడే వైపు నుంచి నీడ వైపు జరుపుకున్నాను.

తరవాతి గురువారం విలేకరి మళ్ళీ ఫోన్ చేశాడు. నేను మంత్రిగారి చెవి పక్కన కత్తి పట్టుకుని ఉన్నాను. మంత్రిగారు ఉత్సాహంగా అటు తిరగబోయారు.

"కదలకండి," అన్నాను.

"కదలకండి," అన్నారు మంత్రిగారు, పెదాలు మాత్రమే ఆడిస్తూ. "మొదటిదానికన్నా గొప్ప పుస్తకం."

ఈ పుస్తకం శాఖలో పాతుకుపోయింది. ఇదివరకు ఫైలు కదల్లేదేమని జనం అడిగితే గుమాస్తా కొంచెం సిగ్గుపడి, రేపు రమ్మనేవాడు. ఇప్పుడు సిగ్గుపడటం మానేశాడు. "పేపరు చదవరా మీరు?" అంటున్నాడు. కార్యదర్శిగారు సీటు కదలకుండా ఉండటానికి ఆఫీసుకే రావడం మానేశారు. ఇంట్లో అల్లుడు ఆదివారమంతా కదలకుండా సాధన చేశాడు. నా కుర్చీలో. కదల్లేదు కానీ, కదలకపోవడంలో ఉన్న మర్మం వివరిస్తూనే ఉన్నాడు.

అన్ని ఫైళ్ళతో పాటు క్వార్టర్స్ ఫైలు కూడా కదల్లేదు.

మా ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది. నేను స్టూలు మీద ఉన్నాను.

"ఏమయ్యా, ఇన్నేళ్ళలో ఏనాడూ అడగందే నోరు తెరవలేదు. తెరిచిన రెండుసార్లకీ ప్రభుత్వం మొత్తం కట్టెలా బిగుసుకుపోయింది. ఆ నోటితోనే ఒక మంచి మాట చెప్పకూడదూ?"

"ఏం చెప్పను?"

"అల్లుడికి క్వార్టర్స్ ఇప్పించండి అని చెప్పు."

"నాన్నా, నేర్చుకో," అంది అమ్మాయి. "మూడు మాటలే."

నేను రెండు రోజులు పెరట్లో సాధన చేశాను.

గురువారం వచ్చింది. గుడ్డ కప్పాను, దువ్వెన తీశాను. ఫోన్ మోగింది. "ఈ వారం పుస్తకం..." అంటూ మంత్రిగారు పైకప్పు చూశారు. కత్తెర జేబులో పెట్టుకున్నాను.

"అల్లుడికి క్వార్టర్స్ ఇప్పించండి," అన్నాను.

"అల్లుడికి క్వార్టర్స్ ఇప్పించండి," అన్నారు మంత్రిగారు.

అవతల విలేకరి పేరు రాసుకున్నాడు. "ఇది కూడా నాయకత్వం మీదేనా సార్?"

"ఏమిటయ్యా ఆ ప్రశ్న. ఇంట్లో అల్లుణ్ణి నిలబెట్టలేనివాడు దేశాన్నేం నిలబెడతాడు?"

"రచయిత?"

"ఆయనే. ఆ పేరు చెప్పుకోనాయనే."

శనివారం పేపర్లో అది పెద్ద అక్షరాలతో వచ్చింది. అల్లుడు పైకి చదివాడు. మొదటిసారి నేను అడ్డు చెప్పకుండా విన్నాను. ఇంకోసారి చదవమన్నాను కూడా. అమ్మాయి గిన్నెలన్నీ మూటకట్టింది. మా ఆవిడ అల్లుడి పరుపు ఎండలో వేసింది.

సోమవారం క్వార్టర్స్ ఫైలుకి కాళ్ళు కాదు, రెక్కలే వచ్చాయి. పొద్దున్న బయల్దేరిన ఫైలు మధ్యాహ్నం భోజనాల లోపు అన్ని సంతకాలతో తిరిగొచ్చిందట. శాఖ చరిత్రలోనే ఇంత వేగంగా ఒక పుస్తకం అమలు కావడం ఇదే మొదలని మంత్రిగారు మెచ్చుకున్నారట.

సాయంత్రం అల్లుడు వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన పెద్ద పలక లాంటిదేదో ఉంది. ముగ్గురం గుమ్మంలోనే నిలబడ్డాం.

"ఇచ్చారా?" అంది అమ్మాయి.

"ఇచ్చారు. ముందు కార్యదర్శిగారి అల్లుళ్ళిద్దరికీ ఇచ్చారు. తరవాత డైరెక్టరుగారి అల్లుడికి. ఆ అల్లుడు వేరే ఊళ్ళో ఉంటాడు, అయినా ఇచ్చారు. చీఫ్ ఇంజనీరుకి కూతుళ్ళు లేరు."

"అయ్యో పాపం," అంది మా ఆవిడ.

"మేనల్లుడు కూడా అల్లుడేనా అని న్యాయశాఖని అడిగారు అత్తయ్యా. మాటలో అల్లుడు ఉన్నాడు కాబట్టి అల్లుడేనని వాళ్ళు రాసిచ్చారు. దాంతో మేనల్లుళ్ళు వచ్చారు. పీఏకి ఎవరూ లేకపోతే, వరసకి అల్లుడయ్యే ఒకాయన్ని బస్సులో పిలిపించాడు."

"మరి నీకు?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నువ్వెవరి అల్లుడివని అడిగారు మామయ్యా."

"ఏం చెప్పావు?"

"మీ పేరే చెప్పాను."

"ఏమన్నారు?"

"అయిపోయాయన్నారు."

మా ఆవిడ వెళ్ళి చుట్టిపెట్టిన పరుపు తెచ్చి ఎప్పటి చోటే పరిచింది. అమ్మాయి మూట విప్పుతుంటే గిన్నెల చప్పుడు వినిపించింది. నేను వెళ్ళి వరండాలో నా కుర్చీలో కూర్చున్నాను.

అల్లుడు వెనకే వచ్చాడు. అతని మొహంలో దిగులేమీ లేదు. చంకలోది బయటికి తీసి, మీది కాగితం చింపాడు. అద్దం బిగించిన సర్టిఫికెట్. బంగారు రంగు అంచు, కింద మంత్రిగారి సంతకం. 'శాఖలోకెల్లా ఉత్తమ పాఠకుడు' అని పైకి చదివాడు. చదివి, వివరించాడు. రోజూ కళ్ళ ముందు ఉండాలంటే వరండా గోడే సరైన చోటన్నాడు. మేకు, సుత్తి తెచ్చుకున్నాడు. స్టూలు లాక్కొచ్చి నా కుర్చీ వెనక వేసుకుని ఎక్కాడు.

"మామయ్యా," అన్నాడు నా నెత్తి మీది నుంచి, "కాస్త తల వంచండి."

వంచాను.