కొంగ నృత్యం ఇంకా అవలేదు

ఒక పెద్ద అడవిలో వాగు నీళ్ళు తాగాలంటే దాహం ఒక్కటీ ఉంటే చాలదు, రసికత కూడా ఉండాలి. అక్కడి రసిక సభలో సభ్యులైనవాళ్ళకే వాగు. మిగతావాళ్ళు దగ్గరికొస్తే సభ్యులే తరిమికొడతారు. నృత్యం మధ్యలో చప్పట్లు కొట్టినా, అయిపోకముందే లేచినా సభ్యత్వం ఊడుతుంది. ఆ రూలు పెట్టింది కార్యదర్శి నక్క. మోటు జనాన్ని ఏరిపారెయ్యడానికి అంతకంటే మంచి జల్లెడ దానికి దొరకలేదు.

ఇటుకబట్టీ నుంచి పారిపోయొచ్చిన ఓబులు అనే గాడిద, నాలుక పిడచకట్టుకుపోయి, నక్క దగ్గరికెళ్ళి సభ్యత్వం అడిగింది.

"గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన!" అంది నక్క. "సరేలే, ఇవాళ కొంగ శ్వేతమ్మ ఆధునిక నృత్యం ఉంది. చివరిదాకా మర్యాదగా చూడు. అప్పుడు ఆలోచిద్దాం."

ఓబులు ముందు వరసలో కూర్చుంది. గజ్జెల్లేవు, మద్దెల లేదు, పాట అసలే లేదు. కొంగ ఒక రెక్క విప్పింది. చాలాసేపు ఆలోచించి ముడిచింది. నేలమీద పొర్లింది. లేచి పరిగెత్తి, ఠక్కున ఆగిపోయింది.

"ఏం పారేసుకుందండీ?" అని పక్కనున్న అధ్యక్షుడు ఎలుగుబంటిని అడిగింది ఓబులు.

"ష్! తనని తాను వెతుక్కుంటోంది" అంది ఎలుగు, ఆవలింత మింగుతూ.

ఒకచోట కొంగ బరువేదో మోస్తున్నట్టు నడుం వంచి నడిచింది. ఓబులుకి కళ్ళు చెమర్చాయి. అర్థమైందో లేదో గానీ, బాగుంది. కాసేపు దాహం కూడా మరిచిపోయింది.

ఆఖరికి కొంగ ఒంటికాలిమీద నిలబడి తల వంచింది. అలా నిలబడే ఉంది. అయిపోయిందా? ఎవరికీ తెలీదు. అడిగితే పరువు పోతుంది, చప్పట్లు కొడితే వాగు పోతుంది. ఎలుగు నక్కని చూసింది, నక్క దుప్పిని చూసింది, దుప్పి ఆకాశంలోకి చూసింది. చప్పట్లు పడందే రంగం దిగకూడదని నర్తకుల ఆచారం కనక కొంగా కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. కొంగ కాలు గజగజా వణికింది.

"ఆహా, ఏం వణుకు!" అంది నక్క. "ఎన్నేళ్ళ సాధన!"

ఓబులు ఇక చూడలేక, నీళ్ళు పోతే పోయాయనుకుని, గిట్టలు నేలకేసి టపటపా కొట్టింది.

కొంగ దభీమని కూలబడింది. "చల్లగా ఉండు నాయనా! పొద్దున్ననగా అయిపోయింది" అని, సభని తిట్టుకుంటూ ఎగిరిపోయింది.

పొద్దున్నే అయిపోతే ఇంతమంది రసికులూ ఇంతసేపూ చూసిందేమిటి? నక్క గొంతు సవరించుకుంది.

"తన నృత్యం గురించి నర్తకికేం తెలుస్తుంది? ఎగిరిపోవడం కూడా అందులో భాగమే. నృత్యం ఇంకా అవలేదని తీర్మానిస్తున్నాం. మధ్యలో గిట్టలు కొట్టినందుకు గాడిదకి బహిష్కారం!"

అందరూ ముందుకాళ్ళెత్తారు. తీర్మానం నెగ్గింది. నృత్యం అవకుండా లేవకూడదన్న రూలు ఆ తరవాత గుర్తొచ్చింది. ఎత్తిన కాళ్ళు దించుకుని, మళ్ళీ చతికిలబడి, ఖాళీ రంగాన్ని తన్మయంగా చూడసాగారు.

ఓబులు తలొంచుకుని వాగు పక్కగా నడిచింది. తరిమేవాళ్ళంతా సభలోనే ఉండిపోయారు. మోకాళ్ళలోతు దిగి కడుపారా తాగింది. మర్నాడూ తాగింది.

నీతి: రసికులు కళలో లీనమై ఉన్నంతకాలం మోటువాళ్ళకి నీళ్ళకి కొదవ లేదు.